బాధ పెట్టని వ్యాధి – కొలిస్తేనే తెలిసే రక్తపోటు

జబ్బును గుర్తించడానికి మన ఇళ్ళలో ఒక పద్ధతి అనాదిగా ఉన్నది. ఒళ్ళు వెచ్చబడితే జ్వరమనీ, కడుపులో మంట పుడితే పైత్యమనీ, కీళ్ళు పట్టేస్తే వాతమనీ అనుకుంటాము. శరీరం ఏదో ఒక విధంగా మొరపెట్టుకుంటుంది, మనం వింటాము. చాలా వ్యాధుల విషయంలో ఈ పద్ధతి చక్కగానే ఉపకరించింది. అధిక రక్తపోటు దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఇది పూర్తిగా మోసం చేస్తుంది. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారిలో అధిక సంఖ్యాకులకు ఏ బాధా ఉండదు. తిన్నది అరుగుతుంది, నిద్ర పడుతుంది, పని సాగుతుంది. నివురుగప్పిన నిప్పు వలె అది లోలోపల రక్తనాళాలను పాడుచేస్తూ పోతుంది. పదేళ్ళో పదిహేనేళ్ళో గడిచాక ఒకనాటి ఉదయం మూతి వంకరపోయి, చేయి పడిపోతేగాని ఇంటిల్లిపాదికీ సంగతి తెలియదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2024లో 30 నుండి 79 ఏళ్ళ మధ్య వయస్కులలో సుమారు 140 కోట్లమందికి అధిక రక్తపోటు ఉన్నది. వీరిలో మూడింట రెండువంతులు మన దేశం వంటి అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవారే. దాదాపు 60 కోట్లమందికి తమకు ఈ వ్యాధి ఉన్న సంగతే తెలియదు. భారతదేశం విషయానికి వస్తే, అదే సంస్థ 2023లో ప్రకటించిన నివేదిక మన దేశంలో ఆ వయసు రక్తపోటు రోగుల సంఖ్యను 18 కోట్ల 80 లక్షలకు పైగా లెక్కగట్టింది. ఆ నివేదికలోని మరి మూడు అంకెలను గృహస్థులు గుర్తుంచుకోవాలి. రక్తపోటు ఉన్న ప్రతి 100 మందిలో వ్యాధి నిర్ధారణ అయినవారు 37 మంది. మందు వాడుతున్నవారు 30 మంది. రక్తపోటు అదుపులో ఉన్నవారు 15 మంది మాత్రమే.

ఈ అంకెలను కొంచెం నిదానంగా చూడండి. తెలుసుకున్న 37 మందిలో 30 మంది ఏదో ఒక చికిత్స మొదలుపెట్టారు. అంటే మన ప్రజలు మందంటే పారిపోయేవారనీ, చెప్పినా వినరనీ నిందించడం పూర్తిగా న్యాయం కాదు. కుండకు పెద్ద చిల్లు అడుగున కాదు, మూతి దగ్గరే ఉన్నది. మిగిలిన 63 మందికి ఎవరూ కొలిచి చెప్పలేదు, వారూ కొలిపించుకోలేదు.

ఇది పట్నవాసుల వ్యాధి, డబ్బున్నవారి వ్యాధి అనే భ్రమ ఇప్పటికీ తొలగలేదు. ఉభయ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో 2003-04లో జరిగిన మరణాలకు కారణాలను ఇంటింటికీ వెళ్ళి విచారించినప్పుడు, సుమారు మూడోవంతు, అనగా 32 శాతం మరణాలు గుండెకు, రక్తనాళాలకు సంబంధించిన వ్యాధులవల్లనే సంభవించినట్లు తేలింది. పొలం పని చేసే ఊళ్ళు అవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్ళు దాటిన పురుషులలో 24 శాతానికి, స్త్రీలలో 21 శాతానికి రక్తపోటు ఎక్కువగా ఉన్నది, లేదా వారు దానికి మందు వాడుతున్నారు. రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఈ అంకెలు దేశ సగటును మించే ఉన్నాయి.

“బీపీ” అనే మాట చేసిన అపకారం

మన వాడుక భాషలో “బీపీ” అంటే కోపం. “నాకు బీపీ తెప్పించకు”, “ఆయనకు బీపీ లేచింది” అని రోజూ అంటూనే ఉంటాము. ఇది హాస్యానికి పుట్టిన మాటే కావచ్చు గాని, దీనివల్ల జరుగుతున్న హాని చిన్నది కాదు. కోపిష్ఠి అయినవానికే ఈ వ్యాధి వస్తుందనీ, శాంతస్వభావులకు రాదనీ ఒక నమ్మకం ఇళ్ళలో స్థిరపడిపోయింది. “మా వారు ఎవరినీ పల్లెత్తు మాట అనరు, ఆయనకు బీపీ ఏమిటండీ” అనే ఇల్లాళ్ళు మనలో ఎందరో. కోపం వచ్చినప్పుడు రక్తపోటు కాసేపు పెరిగి, కోపం చల్లారగానే దిగిపోవడం సహజం. అది వ్యాధి కాదు. ప్రశాంతంగా కుర్చీలో కూర్చున్నప్పుడు కూడా రక్తపోటు హెచ్చుగానే ఉండడం వ్యాధి. స్వభావంతో దానికి పెద్దగా నిమిత్తం లేదు. వయసు, వంశం, ఉప్పు, బరువు, పొగాకు, మద్యం, శరీరశ్రమ లేకపోవడం, మూత్రపిండాల స్థితి వంటివి దానిని నిర్ణయిస్తాయి.

దీనికి తోడు “లో బీపీ” అనే మరొక చిక్కు ఉన్నది. కాస్త కళ్ళు తిరిగినా, నీరసంగా ఉన్నా, ముఖ్యంగా స్త్రీలు, కొలవకుండానే “నాకు లో బీపీ” అని నిశ్చయించుకుంటారు. ఇరుగుపొరుగువారు వెంటనే ఉప్పు కలిపిన నిమ్మరసమో, ఉప్పు వేసిన మజ్జిగో ఇస్తారు. కళ్ళు తిరగడానికి రక్తహీనత, భోజనం మానడం, చెవిలోని దోషం, మెడనొప్పి, ఎండదెబ్బ మొదలుకొని అనేక కారణాలు ఉండవచ్చు. కొందరిలో అధిక రక్తపోటే ఉండవచ్చు. ఏళ్ళ తరబడి తనకు లో బీపీ అనుకుంటూ ఉదయం సాయంత్రం ఉప్పు నీళ్ళు తాగే ఇల్లాలికి నిజంగా రక్తపోటు 160 దాటి ఉంటే ఆ ఉప్పు చేసే అపకారాన్ని వేరే చెప్పనక్కరలేదు. కొలవకుండా హెచ్చు అనుకోవడం ఎంత పొరపాటో, తగ్గు అనుకోవడమూ అంతే పొరపాటు.

తలనొప్పి రాలేదు గనుక రక్తపోటు లేదనుకోవడం మూడవ అపోహ. తలనొప్పి ఉన్నవారిలో ఎక్కువమందికి రక్తపోటు ఉండదు, రక్తపోటు ఉన్నవారిలో ఎక్కువమందికి తలనొప్పి రాదు. ఈ రెంటికీ ముడిపెట్టి కూర్చుంటే విలువైన కాలం గడిచిపోతుంది.

లోపల జరిగేది

గుండె ముడుచుకొని రక్తాన్ని ధమనులలోకి నెట్టినప్పుడు నాళపు గోడలపై పడే ఒత్తిడి పై అంకె. గుండె విశ్రమించిన క్షణంలో మిగిలివుండే ఒత్తిడి కింది అంకె. వీటిని పాదరస స్తంభపు ఎత్తుతో, అనగా మిల్లీమీటర్లలో చెబుతారు. వేర్వేరు రోజులలో విశ్రాంతిగా కొలిచినప్పుడు పై అంకె 140గాని, కింది అంకె 90గాని, లేదా వాటిని మించిగాని ఉంటే దానిని అధిక రక్తపోటు అంటారు. ఇంట్లో కొలుచుకునేవారికి 135/85 హద్దు. రెండు అంకెలూ పెరిగివుండాలని నియమం లేదు. వయసు మళ్ళినవారిలో తరచుగా పై అంకె ఒక్కటే పెరుగుతుంది. “కింది అంకె బాగానే ఉన్నది, పరవాలేదు” అని ఊరుకోరాదు.

నీటి గొట్టంలో ఒత్తిడి హెచ్చితే గొట్టం ఎక్కడో ఒకచోట పగులుతుంది. ధమని అంత తేలికగా పగలదు, అది తనను తాను దిటవు చేసుకుంటుంది. గోడ దళసరి అవుతుంది, మృదుత్వం పోతుంది, లోపలి పొర గరుకెక్కి కొవ్వు పేరుకుంటుంది. ఎక్కువ ఒత్తిడికి ఎదురు పనిచేసి గుండె ఎడమ గది కండరం లావెక్కుతుంది. మూత్రపిండాలలోని సన్నని వడపోత గుత్తులు ఒకటొకటిగా మూసుకుపోతాయి. కంటి వెనుక పొరలోని నాళాలు వంకరలు తిరుగుతాయి. ఇవన్నీ నొప్పి లేకుండానే జరుగుతాయి. అందుకే శరీరం మొరపెట్టుకోదు. పది లక్షలమంది వివరాలను కలిపి పరిశీలించి 2002లో ప్రకటించిన ఒక గొప్ప అధ్యయనంలో, 40 నుండి 69 ఏళ్ళ మధ్యవారిలో రక్తపోటు 115/75 నుండి మొదలుకొని పై అంకె ప్రతి 20 పెరిగినప్పుడల్లా పక్షవాతంతోను, గుండె జబ్బుతోను మరణించే ప్రమాదం సుమారు రెట్టింపవుతున్నట్లు తేలింది. మరోవైపు, పై అంకెను 10 తగ్గించగలిగితే పక్షవాతం ముప్పు దాదాపు నాలుగోవంతు తగ్గుతుంది. ఇంత తక్కువ శ్రమకు ఇంత ఫలితం ఇచ్చే చికిత్సలు వైద్యంలో అరుదు.

మన ప్రాచీన గ్రంథాలలో ఈ వ్యాధికి ప్రత్యేకమైన పేరు లేదు. రక్తగత వాతమనీ, రక్తచాపమనీ వైద్యులు నేడు వాడే పేర్లు తరువాతి కాలపు అన్వయాలు. ఇందులో ఆశ్చర్యపడవలసినది లేదు. లక్షణాలు లేని వ్యాధిని లక్షణాలను బట్టి వర్ణించే శాస్త్రం ఎలా పేర్కొంటుంది? పాశ్చాత్యులకు కూడా 1896లో ఇటలీ వైద్యుడు రివా-రోచీ చేతికి పట్టీ చుట్టి కొలిచే పరికరాన్ని రూపొందించి, 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ స్టెతస్కోపుతో నాడీ శబ్దాలను వినే పద్ధతిని కనుగొనేవరకు ఇది రోజువారీ వైద్యంలో తెలిసివచ్చే విషయం కాలేదు. నాడి పట్టి చూసే వైద్యునికి రోగి తత్త్వం తెలియవచ్చునేమో గాని, రక్తపోటు 130 ఉన్నదా 170 ఉన్నదా అన్నది వేలికొసలతో తేలదు. ఈ మాట ఆయుర్వేదాభిమానులు ముందుగా ఒప్పుకోవడం మంచిది.

మనకెందుకు తెలియడం లేదు?

పాశ్చాత్య దేశాలలో చాలామందికి కుటుంబ వైద్యుడు ఉంటాడు, వెళ్ళిన ప్రతిసారీ కొలుస్తాడు. మన పద్ధతి వేరు. జ్వరం వస్తే వీధి చివరి ఆసుపత్రికి, పన్నునొప్పికి మరొకచోటికి, చిన్న చిన్న వాటికి మందుల దుకాణానికి వెళతాము. ఎక్కడా పాత కాగితం చూపము. బారులు తీరిన రోగుల మధ్య వైద్యునికి చేతికి పట్టీ చుట్టే తీరిక ఉండదు. చుట్టినా, ఒక్కసారి 150 కనిపిస్తే “మెట్లెక్కి వచ్చారు కదా” అని ఆయనే సర్దిచెబుతాడు. మళ్ళీ కొలవమని చెప్పేవారు, చెబితే వెళ్ళేవారు తక్కువ.

ఇంట్లో సంపాదించే పురుషుడు ముప్పై నుండి యాభై ఏళ్ళ వరకు ఆసుపత్రి గుమ్మమే ఎక్కడు. ఈ వయసులోనే వ్యాధి వేళ్ళూనుతుంది. స్త్రీల సంగతి మరొక విధం. గర్భవతిగా ఉన్నప్పుడు నెలనెలా కొలుస్తారు, ప్రసవమయ్యాక ఆ కార్డు బీరువా అడుగుకు చేరుతుంది. గర్భకాలంలో రక్తపోటు పెరిగి, కాళ్ళు వాచి, “గుర్రపువాతం వచ్చేది, గండం తప్పింది” అనిపించుకున్న తల్లులకు తరువాతి జీవితంలో అధిక రక్తపోటు, గుండె జబ్బు వచ్చే అవకాశం ఇతరులకంటే ఎక్కువ. మీ ఇంట్లో అటువంటి కోడలు గాని, కూతురు గాని ఉంటే ఆమెకు ఎంత చిన్న వయసైనా సరే, ఏడాదికొకసారి తప్పక కొలిపించండి. ఈ ఒక్క విషయాన్ని అత్తగార్లు పట్టించుకుంటే ఎన్నో ఇళ్ళు నిలబడతాయి.

ప్రభుత్వపరంగా ఏమీ జరగడం లేదనడం సరికాదు. 2017లో తెలంగాణ, కేరళ, మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, పంజాబ్ రాష్ట్రాలలోని కొన్ని జిల్లాలలో భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం ప్రారంభమై తరువాత ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వచ్చిన పెద్దలందరికీ రక్తపోటు కొలవడం, ఒకే వరుసలో కొద్ది మందులను వాడడం, నెలకు సరిపడా మాత్రలు ఇవ్వడం, రానివారిని నర్సులు ఆరా తీయడం దీని పద్ధతి. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది. 30 ఏళ్ళు దాటినవారికి ఉపకేంద్రాలలో ఉచితంగా పరీక్ష చేసే ఏర్పాటు కూడా ఉన్నది. మధ్యతరగతివారు ఆ కేంద్రాలను చిన్నచూపు చూసి అటు వెళ్ళరు. ప్రైవేటు ఆసుపత్రికి జబ్బు ముదిరాకగాని వెళ్ళరు. మధ్యన పడి తప్పిపోయేది వారే.

ఇంట్లో కొలుచుకోవడం ఎలా?

జ్వరమాని ఉన్నట్లే నేడు రక్తపోటు యంత్రం చాలా ఇళ్ళలో ఉన్నది. మణికట్టుకు కట్టుకునే వాటికంటే మోచేతి పైభాగానికి పట్టీ చుట్టే యంత్రం నమ్మదగినది. పట్టీ లోపలి గాలి సంచి చేతిని కనీసం ముప్పాతిక వంతుకు మించి చుట్టాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే లేని రక్తపోటు కనిపిస్తుంది. కొనే ముందు వైద్యుని వద్ద ఉన్న పరికరంతో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

కొలవడానికి అరగంట ముందు నుండి కాఫీ, టీ, చుట్ట, సిగరెట్టు పనికిరావు. మూత్రవిసర్జన చేసి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు మోపి, కాలుమీద కాలు వేయకుండా అయిదు నిమిషాలు ఊరక కూర్చోవాలి. చేతిని బల్లమీద గుండె ఎత్తులో ఉంచాలి. చేతిని పక్కకు వేలాడదీస్తే పై అంకె 6, 7 వరకు ఎక్కువ చూపుతుందని 2024లో ప్రకటించిన పరిశీలనలో తేలింది. చొక్కా, రవికె మీద నుండి చుట్టరాదు. కొలిచేటప్పుడు మాట్లాడరాదు. మన ఇళ్ళలో ఇదే అన్నింటికంటే కష్టమైన నియమం. ఒకటి రెండు నిమిషాల ఎడంతో రెండుసార్లు కొలిచి సగటు తీయాలి. మొదటిసారి రెండు చేతులకూ కొలిచి, ఏ చేతికి ఎక్కువ వస్తే తరువాత ఆ చేతికే కొలవాలి. ఉదయం సాయంత్రం ఒక వారం రోజులు ఇలా కొలిచి తేదీలతో పుస్తకంలో రాసుకొని వైద్యునికి చూపితే, ఆయనకు ఆసుపత్రిలో తీసిన ఒక్క కొలతకంటే అది ఎంతో ఉపయోగపడుతుంది. తెల్లకోటును చూడగానే రక్తపోటు పెరిగేవారు కొందరు. అక్కడ బాగానే ఉండి ఇంట్లో, ఉద్యోగంలో పెరిగేవారు మరికొందరు. రెండవ రకంవారే ప్రమాదంలో ఉన్నవారు, వారిని పట్టిచ్చేది ఇంటి పుస్తకమే.

ఉప్పు లెక్క

చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయంలో మూడు ద్రవ్యాలను అతిగా వాడరాదని చెప్పబడింది. పిప్పలి, క్షారము, లవణము. పాలలో కూడా ఉప్పు కలుపుకొనే ప్రాంతాలవారిని ఉదాహరిస్తూ, అతి లవణం వల్ల శరీరంలో శైథిల్యం, దౌర్బల్యం కలుగుతాయని ఆ గ్రంథం హెచ్చరిస్తుంది. రక్తపోటును కొలిచే పరికరం లేని కాలంలో చెప్పిన మాట ఇది.

పెద్దలకు రోజుకు 5 గ్రాములకు లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ప్రపంచ సగటు వాడకం 10.8 గ్రాములు. మీ ఇంటి సంగతి తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. నలుగురు పెద్దవారున్న ఇంటికి ఆ లెక్కన నెలకు 600 గ్రాములు చాలు. మీరు నెలకు కిలో ప్యాకెట్టు ఖాళీ చేస్తున్నారంటే తలకు రోజుకు 8 గ్రాములకు పైనే పడుతున్నదన్నమాట. దీనికి వేసవిలో పట్టిన ఊరగాయల ఉప్పును, బయట కొన్న మిక్చరు, బిస్కట్లు, హోటలు భోజనాలలోని ఉప్పును కలపాలి. ఆవకాయలో ఆవపిండి, కారం, ఉప్పు దాదాపు సమపాళ్ళలో పడతాయన్న సంగతి ఇల్లాళ్ళకు తెలియనిది కాదు. ఆవకాయను ఏడాదంతా నిలబెట్టేది ఆ ఉప్పే. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు కూడా ఈ కోవలోనివే. వంటసోడా ఉప్పగా తోచకపోయినా అందులో ఉన్నదీ సోడియమే.

ఆవకాయ మానమని తెలుగువారికి చెప్పడం వృథా, ఆ ప్రయత్నం నేను చేయను. పచ్చడి వేసుకున్న పూట కూరలో ఉప్పు సగానికి తగ్గించండి, పెరుగన్నంలోకి విడిగా ఉప్పు వద్దు, భోజనాల బల్లమీది ఉప్పు డబ్బా లోపల పెట్టండి. ఒక్కసారిగా తగ్గిస్తే ఇంట్లో తిరుగుబాటు వస్తుంది. వారానికి కొంచెం చొప్పున తగ్గిస్తూ పోతే నెల రెండు నెలల్లో నాలుక అలవాటుపడుతుంది. అప్పుడు పాత కూర రుచి చూస్తే అదే ఉప్పు కషాయంలా తోస్తుంది.

సైంధవ లవణం వాడుతున్నాము గనుక మాకు భయం లేదని కొందరు అంటారు. సైంధవంలో కూడా అధిక భాగం సోడియం క్లోరైడే. వైద్యయోగాలలో దాని స్థానం దానిదే గాని, రక్తపోటు విషయంలో రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా దానిలో సాధారణంగా అయొడిన్ కలిసి ఉండదు. కొంత సోడియానికి బదులు పొటాషియం చేర్చిన ఉప్పు సంగతి వేరు. చైనాలోని 600 గ్రామాలలో సుమారు 21 వేలమందిపై అయిదేళ్ళపాటు జరిపి 2021లో ప్రకటించిన ప్రయోగంలో, నాలుగోవంతు పొటాషియం క్లోరైడు కలిపిన ఉప్పు వాడినవారిలో పక్షవాతాలు 14 శాతం తగ్గాయి. అయితే మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి, శరీరంలో పొటాషియంను నిలిపివుంచే మందులు వాడేవారికి ఈ ఉప్పు ప్రమాదకరం. వైద్యుని అడగకుండా దీనిని ఇంటికి తేవద్దు.

మూలికలు – మేలు చేసేవి, కీడు చేసేవి

రక్తపోటు చికిత్సకు మన దేశం ప్రపంచానికి ఇచ్చిన కానుక సర్పగంధ వేరు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దీనిని రక్తపోటులోను, ఉన్మాదంలోను వాడి ఫలితాలు ప్రకటించారు. ఆ రోజులలోనే ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దిఖీ దీనినుండి కొన్ని క్షారపదార్థాలను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ పేరిట అజ్మలిన్ అని పేరుపెట్టారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ వైద్యపత్రికలో రాసిన వ్యాసంతో ఇది పాశ్చాత్యుల దృష్టిలో పడింది. 1952లో స్విట్జర్లాండులో దీనినుండి రెసెర్పిన్‌ను తీశారు. ఇంత చరిత్ర ఉన్న మూలిక గనుకనే జాగ్రత్త అవసరం. ఇది నిజంగా పనిచేసే మందు, పనిచేసే ప్రతి మందుకూ హాని కూడా ఉంటుంది. మనోవ్యాకులత, ముక్కు దిబ్బడ, కడుపులో పుండు ముదరడం దీనివల్ల కలగవచ్చు. ఒక వేరులో ఉన్నంత సారం మరొక వేరులో ఉండదు. అంగడిలో కొన్న చూర్ణాన్ని చెంచాతో కొలిచి వేసుకోవడం తగదు. అర్హుడైన వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

గోంగూర విషయం ముచ్చటైనది. పుల్లగోంగూర జాతికి చెందిన మొక్క పువ్వు రాలిన తరువాత కాయను చుట్టి ఉండే ఎర్రని దళసరి తొడుగులను ఎండబెట్టి కాచిన పానీయం రోజుకు మూడు కప్పుల చొప్పున ఆరు వారాలు తాగినవారిలో పై అంకె సుమారు 7 తగ్గినట్లు 2010లో అమెరికాలో ప్రకటించిన పరీక్షలో కనిపించింది. మనం మాత్రం ఆ మొక్క ఆకును ఉప్పులో ఊరవేసి తిని, తొడుగులను పశువులకు వదిలేస్తాము. వెల్లుల్లి కూడా కొద్దిగా తగ్గిస్తుంది. తెల్లమద్ది బెరడు, గలిజేరు, మునగాకు ఇంటింటా ప్రసిద్ధమైనవే, ఆహారంగా మునగాకు మంచిదే. వీటిలో ఏదీ 170 ఉన్న రక్తపోటును 130కి దించుతుందని నమ్మి మాత్రలు మానవద్దు. నిదానంగా శ్వాస తీసే ప్రాణాయామం, రోజూ అరగంట చురుకైన నడక, పెరిగిన బరువులో నాలుగైదు కిలోలు తగ్గడం – ఇవి మూలికలన్నింటికంటే ఎక్కువ నమ్మదగినవి. పొగాకు, మద్యం సంగతి అందరికీ తెలిసినదే.

గృహవైద్యాభిమానులు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది యష్టిమధుకం, అనగా అతిమధురం. దగ్గుకు, గొంతు బొంగురుకు, కడుపుమంటకు ఇది సామాన్యంగా వాడేదే. నాలుగు రోజులు చప్పరిస్తే భయం లేదు. నెలల తరబడి వాడితే మాత్రం ఇందులోని గ్లిసిరైజిన్ శరీరంలో ఉప్పును నిలిపి, పొటాషియంను పోగొట్టి, రక్తపోటును పెంచుతుంది. రక్తపోటు ఉన్నవారు దీర్ఘకాలం దీనిని వాడరాదు. లవణభాస్కర చూర్ణంలో పేరులోనే ఉప్పు ఉన్నది, రోజువారీ అలవాటుగా అదీ పనికిరాదు. అల్లోపతిలో కీళ్ళనొప్పులకు వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు, జలుబుకు ముక్కు దిబ్బడ తీసే మందులు, కొన్ని గర్భనిరోధక మాత్రలు కూడా రక్తపోటును పెంచుతాయి. వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు మీరు వాడే సమస్తాన్నీ, చూర్ణాలూ లేహ్యాలతో సహా, సంచిలో వేసుకొని తీసుకువెళ్ళండి.

మాత్ర మొదలుపెట్టాక

“ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వాడాలట” అన్న భయంతోనే కొందరు కొలిపించుకోవడానికి కూడా వెనుకాడతారు. వాడవలసినది వ్యాధి వల్లగాని, మాత్ర అలవాటు చేయడం వల్ల కాదు. కళ్ళజోడు పెట్టుకుంటే కళ్ళు పాడవుతాయని అనుకునే రోజులు పోయాయి గదా. సామాన్యంగా ఇచ్చే అమ్లోడిపిన్, టెల్మిసార్టన్ వంటివి ఏళ్ళుగా వాడుకలో ఉన్నవి, జనరిక్ దుకాణాలలో చవకగా దొరుకుతాయి. మొదటిదాని వల్ల కొందరికి చీలమండలు వాస్తాయి. రెండవది గర్భవతులకు పనికిరాదు. ఇబ్బంది ఉంటే వైద్యుడు మార్చి ఇస్తాడు. రక్తపోటు 120కి దిగగానే “తగ్గిపోయింది” అని మాత్ర ఆపడం అతి సాధారణంగా జరిగేది. మాత్ర వేసుకోవడం వల్లనే అది 120లో ఉన్నది. బరువు, ఉప్పు బాగా తగ్గించినవారికి మోతాదు తగ్గించే వీలు కలగవచ్చు. ఆ నిర్ణయం పుస్తకంలోని కొలతలు చూసి వైద్యుడు చేయవలసినది.

ఎప్పుడైనా యంత్రం 180/120 దాటి చూపితే కంగారుపడవద్దు. అయిదు నిమిషాలు కూర్చుని మళ్ళీ కొలవండి. అప్పుడూ అంతే ఉండి, వేరే బాధ ఏదీ లేకపోతే ఆ రోజే వైద్యుని సంప్రదించండి. నాలుక కింద మందు గొట్టాన్ని పొడిచి పిండి రక్తపోటును క్షణాలలో దించే పాతకాలపు పద్ధతి ఒకటి ఉండేది, అది మెదడుకు రక్తం అందకుండా చేసి పక్షవాతమే తెచ్చిపెట్టగలదని తెలిసి వైద్యులు మానివేశారు. ఇంట్లో ఎవరూ అటువంటి ప్రయత్నం చేయరాదు. ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడడం, మూతి వంకరపోవడం, ఒకవైపు కాలు చేయి పట్టు తప్పడం, హఠాత్తుగా చూపు మందగించడం – వీటిలో ఏది కనిపించినా, యంత్రం అంకె ఎంతైనా సరే, వెంటనే 108కి ఫోను చేయండి. నోట్లో నీళ్ళు గాని, కాఫీ గాని, మందు గాని పోయవద్దు, మింగుడుపడక ఊపిరితిత్తులలోకి పోతుంది. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే సూదిమందును నాలుగున్నర గంటలలోపు ఇవ్వాలి. కనుక బాధ మొదలైన సమయాన్ని గడియారం చూసి ఒక కాగితంమీద రాసి, రోగి వాడే మాత్రల చీటీతోపాటు వెంట పంపండి.